చవక ఎలక్ట్రిక్ సైకిల్‌ను అమ్మేయాలా, బ్యాటరీ మార్చాలా?

ప్రశ్న: పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. ఆమె పనిచేసే కార్యాలయం ఇంటికి పదకొండు కిలోమీటర్ల దూరం. రెండు బస్సులు మారి వెళ్లే అవస్థ పడలేక, పద్నాలుగు నెలల కిందట ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికిన ఒక ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కున్నారు. ఇంకొంత డబ్బు వేసి స్కూటర్ కొనమని భర్త గట్టిగా చెప్పారు కానీ, స్కూటర్ నడిపే ధైర్యం తనకు లేదని ఆమె వినలేదు. దాదాపు ఏడాది పాటు ఏ ఇబ్బందీ రాలేదు. ఒక్కసారి చార్జి నింపితే పోనూ రానూ సరిపోయేది. మూడు నెలలుగా మాత్రం, సాయంత్రం ఇంటికి ఇంకో మూడు కిలోమీటర్లు ఉందనగా వచ్చే ఫ్లైఓవర్ ఎక్కుతుండగా, డిస్‌ప్లేలో రెండు గీతలు కనబడుతూనే మోటారు ఠక్కున ఆగిపోతోంది. ఐదు నిమిషాలు పక్కన నిలబడితే మళ్లీ వస్తుంది, కొంచెం దూరం పోయాక మళ్లీ ఆగుతుంది. వెనుక చక్రంలో స్పోకులు రెండుసార్లు విరిగాయి. కరెంటు బండిని ముట్టుకోబోమని సైకిల్ షాపుల వాళ్లు తిప్పి పంపారు. అమ్మిన సంస్థ ఫోను ఎత్తడం మానేసింది. బ్యాటరీ విప్పి లోపలి సెల్స్ మార్చి ఇస్తానని, కొత్తదాని ధరలో సగానికే పని అయిపోతుందని ఒక మెకానిక్ అంటున్నాడు. 36 వోల్టుల బ్యాటరీ తీసేసి 48 వోల్టులది పెట్టిస్తే వేగమూ పెరుగుతుంది, ఎత్తూ ఎక్కుతుందని తమ్ముడు అంటున్నాడు. ఇవి చాలవన్నట్టు, రాత్రంతా మెట్ల కింద చార్జింగ్ పెట్టడం చూసి కింది వాటావారు, ఈ బ్యాటరీలు పేలుతున్నాయి కాబట్టి ఇక్కడ పెట్టడానికి వీల్లేదన్నారు. "నేను ముందే చెప్పాను" అనే మాట ఇంట్లో రోజూ వినబడుతోంది. "అమ్మేస్తే తప్పు ఒప్పుకున్నట్టు, ఉంచుకుంటే మొండితనం చేసినట్టు. నన్నేం చేయమంటారు?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం: మీరు అడిగిన ప్రశ్నలో అమ్మడం, ఉంచుకోవడం అనే రెండే దారులు కనబడుతున్నాయి కానీ, మీ ఉత్తరంలోని వివరాలు చూస్తే విషయం అంత దూరం పోలేదనిపిస్తోంది. మోటారు ఆగిపోవడం, స్పోకులు విరగడం, చార్జింగ్ పెట్టే చోటు, మీ వారి మాట, ఇవన్నీ ఒకే మూడు నెలల్లో మీద పడ్డాయి కాబట్టి ఒకే సమస్యలా తోస్తున్నాయి. నిజానికి ఒకదానికొకటి సంబంధం లేనివి. వీటిలో ఆలస్యం పనికిరానిది చార్జింగ్ చోటు ఒక్కటే కనుక ముందు దాని గురించి చెబుతాను.

కింది వాటావారి మాట కటువుగా ఉన్నా, చోటు విషయంలో వారు అన్నది సరైనదే. మంచి బ్యాటరీకి నిప్పు అంటుకోవడం అరుదు. అయితే లిథియం అయాన్ సెల్ ఒకటి లోపల షార్ట్ అయి వేడెక్కడం మొదలైతే ఆ వేడి పక్క సెల్‌కు, అక్కడి నుంచి ఆ పక్కదానికి పాకుతుంది. పొగ విషపూరితమైనది, మంట క్షణాల్లో పెద్దదవుతుంది, ఆరినట్టు కనిపించి మళ్లీ అంటుకోవచ్చు. అలాంటిది జరిగితే మెట్ల కింద ఉన్న బ్యాటరీ పై వాటాల వారికి బయటికి పోయే దారే లేకుండా చేస్తుంది. మీ బ్యాటరీ తాళం తీస్తే చేతికి వచ్చేదేనని రాశారు కాబట్టి సైకిల్‌ను అక్కడే ఉంచి బ్యాటరీని మాత్రం పైకి తెచ్చుకోండి. తలుపుకు అడ్డం కాని చోట, గచ్చు నేల మీద, పరుపులకూ పరదాలకూ దూరంగా, మీరు మెలకువగా ఉన్నప్పుడు చార్జి పెట్టి, నిండగానే ప్లగ్గు తీసేయండి. మీ చార్జరు మీద 42 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉందన్నారు (బ్యాటరీకి 36 వోల్టులన్నది సగటు లెక్క, నిండినప్పుడు అంతకన్నా ఎక్కువే ఉంటుంది). మీ 10 ఆంపియర్ అవర్ల (ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే కొలత) బ్యాటరీ ఖాళీ నుంచి నిండడానికి దానితో ఐదారు గంటలు పడుతుంది. సాయంత్రం ఏడింటికి పెడితే అర్ధరాత్రి దాటుతుంది, అందుకే రాత్రంతా వదిలేసే అలవాటు వచ్చి ఉంటుంది. దీనికి మందు ఉంది, కాసేపట్లో వస్తాను. ఎండలో తొక్కి వచ్చిన బ్యాటరీ వేడిగా ఉంటే మాత్రం అది చల్లబడేదాకా చార్జరు తగిలించకండి. కేసు ఉబ్బినా, పగిలినా, వాడకుండా ఉన్నప్పుడు కూడా వెచ్చగా తగిలినా, ఘాటైన రసాయనపు వాసన వచ్చినా, ఈ ఉత్తరంలో మిగతాదంతా పక్కన పెట్టి ఆ బ్యాటరీ వాడకం ఆ రోజే మానేయాలి.

ఇక ఫ్లైఓవర్ దగ్గర ఆగిపోవడం. మీరు బ్యాటరీ చెడిపోయిందనుకుంటున్నారు, మెకానిక్ కూడా అదే అనుకుంటున్నాడు. నాకు అంత నమ్మకం లేదు. 36 వోల్టులను 10 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 360 వాట్ అవర్లు వస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు మీ బ్యాటరీలో ఉన్న మొత్తం శక్తి అంతే. మీరు పెడల్ తొక్కకుండా థ్రాటిల్ (హ్యాండిల్ మీది యాక్సిలరేటర్) తిప్పుకుంటూనే పోతానని రాశారు. అలా నడిపినప్పుడు ఇలాంటి సైకిల్ కిలోమీటరుకు సుమారు 15 వాట్ అవర్లు తింటుంది. పోనూ రానూ ఇరవై రెండు కిలోమీటర్లకు 330 అవుతుంది. అంటే మొదటి రోజు నుంచీ మీరు బ్యాటరీని దాదాపు అడుగంటా ఖాళీ చేసే ఇంటికి చేరుతున్నారు. రోజూ ఇలా నింపి, ఖాళీ చేసిన బ్యాటరీ కొన్ని వందల చార్జింగుల తరువాత 80 శాతం దరిదాపులకు దిగడం సహజం, అది జబ్బు కాదు. 360లో 80 శాతం 288. దాన్ని 15తో భాగిస్తే పంతొమ్మిది కిలోమీటర్లు. మీ ఫ్లైఓవర్ ఉన్నది సరిగ్గా ఆ పంతొమ్మిదో కిలోమీటరు దగ్గరే.

చదునైన దారిలో కంటే ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు రెండు మూడు రెట్ల కరెంటు లాగుతుంది. అడుగంటిన బ్యాటరీ మీద ఆ భారం పడగానే వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది, సెల్స్ పాడవకుండా చూసే బి.ఎం.ఎస్. అనే రక్షణ సర్క్యూట్ కరెంటును తెంచేస్తుంది. భారం తీసేసి ఐదు నిమిషాలు ఆగితే వోల్టేజి కొంత కోలుకుంటుంది, అందుకే మళ్లీ వస్తుంది. గీతలను నమ్మవద్దు. చవక డిస్‌ప్లేలు మిగిలిన శక్తిని కొలవవు, ఆ క్షణంలోని వోల్టేజిని చూసి గీతలు వేస్తాయి. ప్రకటనలో అరవై కిలోమీటర్లు వస్తుందన్నారు కదా అని మీరు అడిగారు. 360ని 60తో భాగించి చూడండి, కిలోమీటరుకు 6 వాట్ అవర్లు. తొక్కేవారు తక్కువ బరువుండి, చదునైన దారిలో, పెడల్ అసిస్ట్ (తొక్కుతుంటే మోటారు అందించే సాయం) అతి తక్కువ స్థాయిలో పెట్టుకుని, శ్రమలో ఎక్కువ భాగం తామే పడితే తప్ప ఆ లెక్క రాదు. అమ్మేవాళ్లు చెప్పింది అబద్ధమని రుజువు చేయడం కష్టం, కానీ అది మీ ప్రయాణం గురించి చెప్పిన మాట కాదు.

అయితే ఇది నా ఊహే కాబట్టి, డబ్బు ఖర్చు పెట్టే ముందు దీన్ని తేల్చుకోవాలి. ఒక వారం పాటు టైర్లలో గాలి పూర్తిగా పట్టించి, థ్రాటిల్ ముట్టుకోకుండా, పెడల్ అసిస్ట్ ఒకటి లేదా రెండు స్థాయిలో తొక్కుతూ వెళ్లి రండి. ఫ్లైఓవర్ ముందు గేరు తగ్గించి, మీరూ కాస్త బలం పెట్టండి. ఇల్లు చేరేసరికి ఆగకుండా, ఇంకా కొంత మిగిలి ఉంటే బ్యాటరీకి వచ్చింది వయసు మాత్రమే. అలా తొక్కినా పన్నెండు, పదమూడు కిలోమీటర్లకే ఆగిపోతే లోపల ఏదో ఒక సెల్ వరుస బలహీనపడి ఉండాలి, లేదా బ్యాటరీ కూర్చునే చోట ఉన్న పిన్నులు నల్లబడి ఉండాలి. బ్యాటరీ తీసినప్పుడు ఆ పిన్నులను ఒకసారి పరిశీలించండి, చుట్టూ ప్లాస్టిక్ కరిగిన ఆనవాలు ఉంటే కారణం అక్కడే దొరికినట్టు. ఇంకొక కొలత మల్టీమీటరు ఉన్న ఏ ఎలక్ట్రీషియనైనా నిమిషంలో తీయగలడు. చార్జి నిండాక ప్లగ్గు తీసి గంట ఆగి చూస్తే మీ బ్యాటరీ 41 నుంచి 42 వోల్టుల మధ్య చూపించాలి. చార్జరులో పచ్చ దీపం వెలిగినా బ్యాటరీ 40 దగ్గరే నిలిచిపోతుంటే చార్జరు లోపమో, ఒక వరుస నిండకపోవడమో కారణం. మల్టీమీటరు మొనలు ఒకదానికొకటి తగలకూడదు కాబట్టి అలవాటు లేకపోతే మీరే కొలవబోకండి.

కొలతల్లో తేలింది వయసే అయితే, అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది కార్యాలయంలో రెండో చార్జరు పెట్టుకోవడం. పొద్దున్న వాడిన సగం అక్కడే మూడు నాలుగు గంటల్లో నిండిపోతుంది, సాయంత్రం పూర్తి బ్యాటరీతో బయలుదేరుతారు, ఇంటికి వచ్చాక కూడా సగమే నింపాలి కాబట్టి పడుకునే లోపే చార్జింగ్ అయిపోతుంది. నేను చెప్పిన మందు ఇదే. బ్యాటరీ ప్రతిరోజూ అడుగంటదు కనుక దాని ఆయుష్షు కూడా పెరుగుతుంది. పగలంతా ఎండలో నిలిపిన సైకిల్‌లోనే బ్యాటరీ ఉంచుతున్నానన్నారు, లిథియం సెల్స్‌కు వేడికి మించిన శత్రువు లేదు కాబట్టి దాన్ని లోపలికి తీసుకుపోవడం ఎలాగూ మంచిది. ఇబ్బంది ఒక్కటే. పై అధికారి అనుమతి అడగాలి, వారు మీ కింది వాటావారిలాగే భయపడవచ్చు. అడగకుండా బల్ల కింద దాచి పెట్టడం మాత్రం వద్దు. రెండో చార్జరు కూడా 42 వోల్టులదే అయి ఉండాలి. ప్లగ్గు సరిపోయింది కదా అని ఇంకో వోల్టేజిది తగిలించడం వల్ల జరిగిన ప్రమాదాలు చాలా ఉన్నాయి.

కార్యాలయంలో కుదరకపోతే కొత్త బ్యాటరీ. అదే 36 వోల్టులలో 14 ఆంపియర్ అవర్లది తీసుకుంటే 504 వాట్ అవర్లు వస్తుంది, పాతబడి 80 శాతానికి దిగినా మీ ఇరవై రెండు కిలోమీటర్లకు ఇంకా మిగులు ఉంటుంది. ఖర్చు ఎక్కువే. చవక సైకిల్‌లో బ్యాటరీయే అన్నిటికన్నా ఖరీదైన భాగం. ఆ డబ్బును, ఫోను ఎత్తని సంస్థ బండి మీద పెట్టడం తెలివైన పనేనా అన్న అనుమానం మీకు రావాలి కూడా. ఫ్రేము, మోటారు, దానికి కరెంటు అందించి అదుపు చేసే కంట్రోలర్ బాగున్నాయా అన్న దాని మీద దానికి జవాబు ఆధారపడుతుంది. మీ ఉత్తరాన్ని బట్టి మోటారు గురించి ఫిర్యాదు ఏమీ లేదు. కొనేటప్పుడు కేసు మీ ఫ్రేములో కూర్చుంటుందా, పిన్నుల ప్లస్ మైనస్ అమరిక అదేనా, కంట్రోలర్ లాగే కరెంటును ఇవ్వగలదా అన్నవి రాతపూర్వకంగా అడగండి. యు.ఎల్. 2271 వంటి భద్రతా ప్రమాణం ముద్ర ఉన్నదానికి కొంచెం ఎక్కువ పెట్టడాన్ని నేను దుబారా అనను. దానికి ముందు మీ పాత వారంటీ కాగితం ఒకసారి తీసి చూడండి. బ్యాటరీకి వేరే గడువు ఉంటే, ఫోను చేయడం మాని, తేదీలతో ఈమెయిల్ పెట్టండి. వినియోగదారుల ఫిర్యాదుకు పోవలసి వస్తే పనికొచ్చేది అదే.

మెకానిక్ చెప్పిన సగం ఖర్చు మాట ఆశపెట్టేదే. సెల్స్ మార్చడం అసాధ్యమేమీ కాదు. ఒకే రకం, ఒకే వయసు కొత్త సెల్స్ అన్నీ ఒకేసారి మార్చి, వేడి తగలకుండా స్పాట్ వెల్డింగ్ చేసి, బి.ఎం.ఎస్.ను పరీక్షించి ఇచ్చే వాళ్లు ఉన్నారు. కానీ పాడైన వరుస ఒక్కటే తీసి పాతవాటి మధ్య కొత్తవి పెట్టడం, పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన సెల్స్ వాడడం, సోల్డరింగ్ కడ్డీతో అతికించడం కూడా ఈ సగం ధరలో జరిగేవే. వేర్వేరు వయసుల సెల్స్ ఒకే సమంగా నిండవు, ఖాళీ కావు, నిప్పు ప్రమాదానికి అదే మొదటి మెట్టు. ఇలాంటి మంటలు వరుసగా జరిగాక న్యూయార్క్ నగరం 2023లో, వాడిన బ్యాటరీల నుంచి తీసిన సెల్స్‌తో కొత్త బ్యాటరీలు కట్టడాన్నే నిషేధించింది. కాబట్టి అతన్ని రెండు ప్రశ్నలు అడగండి: సెల్స్ అన్నీ మారుస్తారా, అవి ఏ కంపెనీవో డబ్బా చూపిస్తారా? తడబడితే ఆ బ్యాటరీని మీరు ఇంట్లో పిల్లలు పడుకునే చోటికి ఇరవై అడుగుల దూరంలో చార్జి పెట్టబోతున్నారని గుర్తుంచుకోండి.

మీ తమ్ముడి సలహాకు మాత్రం నేను రెండో వైపు చూపించలేను. 48 వోల్టుల బ్యాటరీ నిండినప్పుడు 54.6 వోల్టులు ఉంటుంది. 36 వోల్టులకు తయారైన కంట్రోలర్‌లోని కెపాసిటర్లు అనే భాగాలు 50 వోల్టుల దాకానే తట్టుకునేవి కావచ్చు. ఆపైన పొరపాటున ఆ 48 వోల్టుల చార్జరు పాత బ్యాటరీకి తగిలిందంటే ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు. అదీగాక యూరోపియన్ యూనియన్‌లోనైనా, మన దేశంలోనైనా లైసెన్సు, రిజిస్ట్రేషన్ లేకుండా నడపగలగడానికి మోటారు శక్తికి 250 వాట్లు, వేగానికి గంటకు 25 కిలోమీటర్లు అన్న గీటు ఉంది. అది దాటాక మీది సైకిల్ కాదు, రిజిస్టరు కాని మోటారు వాహనం. స్కూటర్ నడిపే ధైర్యం లేదని చెప్పి సైకిల్ కొన్న మీకు, స్కూటర్ వేగంతో పోయే సైకిల్ ఎందుకు?

స్పోకుల సంగతి కనిపించినంత పెద్దది కాదు. వెనుక చక్రం నడుమ మోటారు ఉండే హబ్ చుట్టుకొలత పెద్దదిగా ఉంటుంది కాబట్టి స్పోకులు పొట్టిగా, వంపుగా కూర్చుంటాయి, బండి బరువూ మామూలు సైకిల్‌కు దాదాపు రెట్టింపు. ఒకటి వదులైతే పక్కది విరుగుతుంది. షాపువాళ్లు భయపడేది వైర్లకు, చక్రానికి కాదు. వెనుక కడ్డీ వెంట వచ్చే మోటారు కేబులుకు మధ్యలో ఒక జాయింటు ఉంటుంది. దాని మీద రెండు బాణం గుర్తులు ఎదురెదురుగా ఉంటాయి. బ్యాటరీ తీసేసి, జాయింటును మెలితిప్పకుండా తిన్నగా లాగితే ఊడి వస్తుంది. నట్లు విప్పి చక్రం ఒక్కటే తీసుకుపోయి స్పోకులన్నీ బిగించి బెండు తీయమంటే ఎవరూ కాదనరు. తిరిగి బిగించేటప్పుడు ఇరుసు తిరగకుండా ఆపే కొక్కెపు వాషరు ఉన్న చోటే పెట్టాలి, నట్లు గట్టిగా బిగించాలి. అది వదులైతే ఇరుసు తిరిగి వైర్లను తెంపేస్తుంది. అదే పూట బ్రేకు ప్యాడ్లు కూడా చూపించండి. ఇంత బరువు బండికి అవి మీరనుకున్న దానికంటే త్వరగా అరుగుతాయి, ఫ్లైఓవర్ ఎక్కడం కన్నా దిగడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

మీ వారి విషయం. ఆయన లెక్క పూర్తిగా తప్పు కాదు. చవకగా కొన్నప్పుడు మిగిలిన డబ్బులో కొంతను బండి ఇప్పుడు బ్యాటరీ రూపంలో అడుగుతోంది, అది ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. కానీ ఆయన లెక్కలో మీరు నడపబోని స్కూటర్ ఒకటి ఉంది. నడపని బండికి ఖర్చు తక్కువే కావచ్చు, దాని మీద మీరు ఒక్కరోజూ ఆఫీసుకు వెళ్లి ఉండేవారు కాదు. మీరు సైకిల్‌ను ఆయన చెప్పిన స్కూటర్‌తో పోల్చుకుంటున్నారు, నిజంగా పోల్చవలసింది ఆ రెండు బస్సులతో. పద్నాలుగు నెలల టికెట్ల ఖర్చు ఒక కాగితం మీద వేయండి, రోజూ మిగిలిన సమయాన్ని పక్కన రాయండి. పూర్తి చార్జింగుకు అర యూనిట్ కరెంటు కూడా కాదు కాబట్టి ఆ పద్దు చిన్నదే. ఆ కాగితం ఆయనకు చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. చూపిస్తే వాదన ఇంకో రాత్రి సాగవచ్చు. చూపించకపోతే ఆ మాట ఇంకొన్నాళ్లు వినవలసి రావచ్చు, కానీ మీకు మాత్రం తేలిపోతుంది. నాకైతే, ఎలక్ట్రీషియన్ దగ్గరికి బ్యాటరీ తీసుకుపోయే పని ఆయనకే అప్పగించడం మేలనిపిస్తోంది. నిందించడానికి ఉన్న చోట చేయడానికి ఒక పని దొరికితే కొందరి స్వరం మారుతుంది. మీ వారు అలాంటి వారో కాదో మీకే తెలుసు.

కొలతలన్నీ అయ్యాక కూడా అమ్మాలనే అనిపిస్తే అమ్మండి, అది ఓటమి కాదు. బ్యాటరీ స్థితి కొనేవారికి దాచకుండా చెప్పండి, ధర పడిపోతుంది, అయినా చెప్పండి. తరువాతి బండిలో వాట్ అవర్లు ముందు చూసి, ధర తరువాత చూడండి. కొత్త బ్యాటరీ కొనే పక్షంలో పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా, పిన్నుల మీద టేపు అంటించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. వారం తొక్కి చూసిన తరువాత ఏ కిలోమీటరు దగ్గర ఆగిందో, నిండినప్పుడు ఎన్ని వోల్టులు చూపిందో, కంట్రోలర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో నాకు మళ్లీ రాయండి. ఆ మూడూ ఉంటే మీకు ఎంత బ్యాటరీ అవసరమో ఇంతకంటే ఖచ్చితంగా చెప్పగలను.